మండల నిద్ర

పెద్దింట్లుకి భయపడటం వచ్చినంత బాగా ఇంకే పనీ రాదని ఆమె మొగుడు వడ్డికాసులు ఊళ్లో అందరికీ చెబుతుంటాడు. అందులో అబద్ధం లేదు. తొమ్మిదేళ్ల కూతురు లిఖిత తుమ్మితే చాలు, ఆమె కళ్లకి ఆస్పత్రి మంచం కనిపిస్తుంది. పడవ పది నిమిషాలు ఆలస్యమైతే కొల్లేరు నడిమధ్యలో అది బోర్లాపడి ఉన్నట్టే ఉంటుంది. పిల్లని బడికి పంపుతూ, "రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడు, పైకి కూడా చూడు" అంటుంది.

"పైనుంచి ఏం వస్తదే?" అని కాసులు నవ్వితే, "కరెంటు తీగ తెగి పడదా?" అని ఎదురడుగుతుంది.

ఎనిమిదో తరగతితో చదువాగిపోయిన పెద్దింట్లుకి పందిరిలంక పక్కనున్న చేపల పరిశోధన కేంద్రంలో పని దొరికింది కూడా ఆ భయం పుణ్యమే. తొట్లలో నీళ్లు తగ్గాయేమోనని రోజుకి పదిసార్లు చూసే మనిషి వాళ్లకి మరొకరు దొరకలేదు. అక్కడ ఆమె చూసుకునేది మట్టగిడసల్ని. చెరువెండితే బురదలో దూరి, బురద గట్టిపడితే అందులోనే ఊపిరి బిగబట్టి, మళ్లీ వానపడేదాకా చావూ బతుకూ కాకుండా పడుండే చేప అది. డాక్టర్ ఎస్తేరు రాణి పన్నెండేళ్లుగా దాని వెనకే పడింది. బురదలో ఉన్నన్నాళ్లూ దాని ఒంట్లో ఊరే రసాన్ని పట్టుకుంది. ఎలుకకిచ్చింది, కుక్కకిచ్చింది, చివరికి తనే పుచ్చుకుని ఆరు రోజులు ఒళ్లు చల్లబడి పడుకుని లేచింది. ఆ ఆరు రోజులూ ఆవిడకి జుట్టు పెరగలేదు, గోరు పెరగలేదు, ఆకలి వేయలేదు. మందుకి పుస్తకాల్లో ఏదో పొడుగు పేరుంది. పందిరిలంక జనం మాత్రం దాన్ని బురదమందు అన్నారు.

పడుకోబెట్టడం తేలిక. లేపడమే గండం. ఎండిన బురదగడ్డల మీద మూడు రోజులపాటు నీళ్లు చుక్కచుక్కగా వేస్తేనే చేప సరిగ్గా లేస్తుంది. ఒకసారి లిఖితకి జ్వరమని కబురొస్తే, ఇంటికి పరిగెత్తే కంగారులో పెద్దింట్లు మూడు రోజుల నీళ్లూ ఒక్క బకెట్టుతో కుమ్మరించేసింది. మర్నాడు వచ్చి చూస్తే చేపలు కళ్లు తెరిచే ఉన్నాయి. మొప్పలు ఆడుతున్నాయి. కానీ ఒక్కటీ ఈదడం లేదు. వెల్లకిలా తేలుతున్నాయి. పెద్దింట్లు తొట్టి అంచు పట్టుకుని ఏడ్చేసింది.

డాక్టరమ్మ తిట్టలేదు. నీళ్లు తోడించి, బురద మళ్లీ ఆరబెట్టించి, మొదట్నుంచీ చుక్కలు వేయించింది. నూరింటికి డెబ్భై ఈదాయి. "ప్రాణం ముందు లేస్తది, తెలివి నిదానంగా లేస్తది. తొందరపెడితే తెలివి సగంలో కూలబడిపోద్ది. ఈసారి నిన్ను నువ్వే తిట్టుకో, నాకు తీరిక లేదు" అంది.

*

ఆ ఏడు శీతాకాలం పక్షులతోపాటు కొంగ జ్వరం వచ్చింది. కొల్లేటి జిల్లాలో లాక్‌డౌన్ పెట్టారు. దాన్ని నడపడానికి పరాంకుశరావు గారనే ప్రత్యేకాధికారిని వేశారు. ఐదు నెలలు గడపదాటితే లాఠీ, పడవ కడితే కేసు. పెద్దింట్లు తల్లి సరస్సుకి అవతలి ఒడ్డున పోయింది. పోయిన మనిషి దగ్గరికి ఇద్దరికి మించి రాకూడదన్నారు. ఆ ఇద్దరూ అవతలి ఊరివాళ్లే కావాలన్నారు. ఇవతలి గట్టు మీద నిలబడి, నీళ్లకి అవతల లేచిన పొగ చూసి, అదే అమ్మ అనుకుని దండం పెట్టుకుంది పెద్దింట్లు. అప్పుడే జీపులో అటు వచ్చిన పరాంకుశరావు గారు అద్దం దించి, "నియమం నియమమేనమ్మా. మా ఇంట్లో జరిగినా ఇంతే" అన్నాడు. ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు. పెద్దాయన, ఆయనా కట్టుబడ్డాడు కదా అనుకుంది.

జ్వరం తగ్గలేదు. అప్పుడు బురదమందు సంగతి పైవాళ్ల చెవిన పడింది. ఒళ్లు చల్లబడితే ఆ క్రిమి నలభై రోజుల్లో చచ్చిపోతుంది. జిల్లా మొత్తం ఒకేసారి పడుకుంటే అది అంటుకోవడానికి మనిషే దొరకడు. డాక్టర్ ఎస్తేరు రాణి ఇంకో రెండేళ్లు పరీక్షలు చేయాలంది. రెండు వారాలు ఇచ్చారు. నలభై రోజులంటే మండలం కాబట్టి దానికి మండల నిద్ర అని పేరుపెట్టి ఉత్తర్వు వేశారు. బళ్లన్నీ పడక హాళ్లయ్యాయి. పడుకున్నవాళ్లని రోజూ పక్కకి తిప్పడానికీ, చివర్లో మేలుకొలుపు నీళ్లు పట్టడానికీ ఒక్కో హాలుకి నలుగురు చొప్పున జాగరణ దళం పెట్టారు. పెద్దవాళ్లకి ఆ నీళ్లు ఒక్కరోజు పడితే చాలు. పన్నెండేళ్లలోపు పిల్లలకి మాత్రం, చేపలకి లాగే, ముప్పై ఎనిమిదో రోజు నుంచి మూడు రోజులు, రోజంతా చుక్కచుక్కగా నాలిక మీద వేయాలి. ఆ మాట కాగితం మీద ఎర్రసిరాతో రాయించింది డాక్టరమ్మ.

పడుకునే రోజు హైస్కూలు మైదానంలో వేదిక కట్టారు. మందు తాగినవాళ్లందరికీ, ఓట్లప్పటిలాగే, ఎడమచేతి చూపుడువేలి మీద చెరగని సిరాతో గీత గీశారు. గోటి మొదట్లో, సగం గోరు మీద, సగం చర్మం మీద. మొట్టమొదట పరాంకుశరావు గారే గ్లాసెత్తి తాగాడు. వేలు చాపి గీత గీయించుకుని కెమెరాలకి చూపించాడు.

పెద్దింట్లు జనాన్ని తోసుకుంటూ వేదిక కిందికి వెళ్లింది. "అయ్యా, నన్ను జాగరణ దళంలో వేయండయ్యా. చుక్కలెయ్యడం నాకు వచ్చు. ఆరేళ్ల నుంచి అదే పని నాది."

"నీ పిల్ల ఏ హాల్లో ఉంటుందమ్మా?"

"ఇదేనండి, ఈ హైస్కూల్లోనే."

"తల్లిని కూతురి దగ్గర కాపలా పెడితే మిగతా పిల్లల్ని చూస్తుందా? రూలు ఒప్పుకోదు. ఎవరికీ మినహాయింపు లేదు. నాకు లేదు, నీకెక్కడిది?" అని, కళ్లు బరువెక్కుతున్నట్టు అరచేత్తో తుడుచుకుంటూ ఆయన కారెక్కాడు. జనం చప్పట్లు కొట్టారు. పెద్దింట్లు కూడా కొట్టింది.

ఆ హాలు దళానికి పెద్ద సత్యవేణి. ఊరి ఆరోగ్య కార్యకర్త. లిఖితకి పోలియో చుక్కల దగ్గర్నుంచి అన్నీ వేసిన చెయ్యే. "నేను లేనా వదినా? నా పిల్లలా చూసుకుంటాను. నువ్వు నోరు మూసుకుని పడుకో" అని మందు గ్లాసు అందించింది. పెద్దింట్లు ఒక చేత్తో కూతురి చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో గ్లాసెత్తింది.

*

నోరంతా ఉప్పగా ఉంది. కాళ్లు ఎవరివో అన్నట్టు ఉన్నాయి. కళ్లు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ, చుట్టూ దగ్గులు, మూలుగులు, "ఒసే, లేచావా", "బాబోయ్, నడుం" అని పలకరింపులు. మైకులో ఎవరో నలభై రోజులు పూర్తయ్యాయని, జిల్లాలో జ్వరం ఒక్కటీ లేదని చెబుతున్నారు. పెద్దింట్లు పక్కకి తిరిగింది. లిఖిత చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది. వెచ్చగానే ఉంది.

"లిక్కీ! అమ్మా, తెల్లారింది."

పిల్ల కళ్లు తెరిచే ఉన్నాయి. రొమ్ము ఎగసి పడుతోంది. చూపు మాత్రం పైకప్పు మీద ఎక్కడో ఆగిపోయింది. పెద్దింట్లు ఆ చూపుని గుర్తుపట్టింది. తొట్టిలో చూసింది ఆ చూపుని.

"నీళ్లు ఒక్కసారే పోశారు" అని కేకపెట్టింది. "డాక్టరమ్మా! నా పిల్లకి నీళ్లు ఒక్కసారే పోసేశారు!"

హాలు మొత్తం మీద పదకొండు మంది పిల్లలు అలా ఉన్నారు. మిగతా పిల్లలు ముక్కుతూ మూలుగుతూ లేచారు. ఈ పదకొండు మందీ లేవలేదు. తనూ అప్పుడే నిద్రలేచి వచ్చిన డాక్టర్ ఎస్తేరు రాణి ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి, రిజిస్టరు తెప్పించుకుంది. ముప్పై ఎనిమిదో రోజు, ముప్పై తొమ్మిది, నలభై. గంట గంటకీ టిక్కులు, టిక్కుల కింద సత్యవేణి సంతకం.

"పద్ధతి ప్రకారమే జరిగింది పెద్దింట్లూ."

"కాదండి. ఇది బకెట్టు చేపండి. మీరే చెప్పారు కదా, మళ్లీ ఆరబెట్టి మళ్లీ మొదలెట్టాలని. మళ్లీ పడుకోబెట్టండి."

"నీళ్లు ఒక్కసారే పోసుంటే అలాగే చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే అంతమంది లేస్తారు, పదిరోజులు దాటితే ఇక లేవరు. కానీ మూడు రోజులూ సరిగ్గా వేసినా కొందరు ఇలా ఆలస్యంగా లేస్తారు. అలాంటి పిల్లకి మళ్లీ బురదమందు ఇచ్చామో, గుండె ఆగిపోద్ది. రక్తం తీసి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. రిజిస్టరు తప్ప నాకింకో ఆధారం లేదు." డాక్టరమ్మ సత్యవేణి వైపు తిరిగింది. "సత్యవేణీ, వేశావా?"

"వేశానండి" అంది సత్యవేణి గోడవైపు చూస్తూ.

"అది భయానికి పుట్టింది డాక్టరుగారూ, దాని మాట పట్టుకోకండి" అన్నాడు అప్పుడే మగవాళ్ల హాలు నుంచి వచ్చిన కాసులు. అన్నాడే గాని, కూతురి మొహం చూశాక గుమ్మం దగ్గరే కూలబడ్డాడు.

డాక్టరమ్మ తల్లులకి ఒక్క పని అప్పజెప్పింది. పిల్లల వేలిమీద సిరా గీత చూస్తూ ఉండమంది. నిద్రలో గోరు పెరగదు, చర్మం రాలదు. అందుకే నలభై రోజులైనా గీత గీసినచోటే ఉంది. లోపల ఒళ్లు పూర్తిగా లేచిన రోజు గోరు కదలడం మొదలెడుతుంది. పెద్దింట్లు నాలుగు రోజులు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ కూడా ఆ వేలినే చూసింది. గీత చర్మానికి అతుక్కునే ఉంది. వెంట్రుకవాసి కూడా కదలలేదు.

పక్క మంచం మీద ముంగర వరాలు కొడుకు తనూజ్, ఆరేళ్లవాడు. "వదినా, మీ పిల్లదేమైనా కదిలిందా?" అని అడిగేది వరాలు గంటకోసారి. "లేదమ్మా, మీవాడిది?" అని ఈమె. వాళ్లిద్దరికీ వేరే మాటలు లేవు.

*

నాలుగో రోజు పొద్దున మైదానంలో విజయోత్సవ సభ పెట్టారు. జ్వరం పోయినందుకు జనం కూడా సంతోషంగానే వచ్చారు. లేవని పిల్లల తల్లులు ముగ్గుర్ని తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. పరాంకుశరావు గారు వాళ్లని ఓదారుస్తుండగా ఫొటోలు తీయాలట. పెద్దింట్లు రానంది. పెద్దాయన తల్చుకుంటే పట్నం నుంచి పెద్ద డాక్టర్లు వస్తారని కాసులు బతిమాలితే వచ్చింది.

ఆయన వేదిక దిగివచ్చి యాపిల్ పళ్ల సంచీ ఆమె ఒళ్లో పెట్టాడు. "మీ కష్టం నాకు తెలుసమ్మా. నేనూ మీతోపాటే పడుకున్నాను, మీతోపాటే లేచాను" అని చేతులు జోడించాడు.

నాలుగు రోజులుగా గోరు తప్ప మరొకటి చూడని కళ్లు అవి. జోడించిన చేతుల్లో ఎడమ చూపుడువేలి మీదికే వెళ్లాయి. గీత ఉంది. కానీ గోటి నడిమధ్యలో ఉంది. కింద కందిబద్దంత మేర శుభ్రమైన కొత్త గోరు. చర్మం మీద మచ్చే లేదు.

పెద్దింట్లు ప్రాణం లేచొచ్చింది. గబుక్కున ఆ వేలు పట్టేసుకుంది.

"అయ్యా! మీ గోరు కదిలిందండయ్యా! నాలుగు రోజులకే ఇంత పెరిగిందా? మీకు ఏం మందిచ్చారండీ? మీ కాళ్లు పట్టుకుంటాను, ఆ మందే నా పిల్లకీ ఇప్పించండి!"

కెమెరా పట్టుకున్న కుర్రాళ్లు ముందుకి వంగారు. ఆయన వేలు లాక్కోబోయాడు. కానీ జారిపోయే చేపని మొప్పల దగ్గర అదిమిపట్టడం అలవాటైన చెయ్యి అది.

"ఏదీ, చూడనీ" అంటూ రెండో వరసలోంచి సెలూన్ వీర్రాజు లేచాడు. అరవై ఏళ్ల మనిషి, ఊళ్లో సగంమంది గోళ్లు ఆయన తీసినవే. కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. "నాలుగు రోజులకి నువ్వుగింజ కూడా పెరగదమ్మాయ్. ఇది నెలా పదిరోజుల గోరు. అంటే దొరగారు పడుకుందే లేదు."

 మైదానంలో ఒకళ్ల తర్వాత ఒకళ్లు ఎడమచెయ్యి ఎత్తి తమ వేళ్లు చూసుకోవడం మొదలుపెట్టారు. అందరి గీతలూ గోటి మొదట్లోనే, చర్మానికి అంటుకునే ఉన్నాయి.

"మా గోళ్లకి బద్ధకం, దొరగారి గోరు డ్యూటీలో ఉంది!" అన్నారెవరో.

"గ్లాసులో రస్నా తాగినట్టున్నాడు!"

"మా నాన్న శవాన్ని నలుగురు మొయ్యడానికి వీల్లేదన్నావు కదయ్యా! ఇద్దరం ఈడ్చుకెళ్లాం! గుర్తుందా?" ఆ గొంతులో ఎగతాళి లేదు. అది విన్నాక ఇంకెవరూ నవ్వలేదు.

"శాంతించండి. పరిపాలన ఆగకూడదు కాబట్టి అత్యవసర విధుల్లో కొందరం…" అని పరాంకుశరావు మొదలుపెట్టాడు.

పెద్దింట్లు ఇంకా వేలు వదల్లేదు. ఆమె బుర్ర వేరే దారిలో నడుస్తోంది. భయస్తురాలి బుర్ర అది. ఒకదాని తర్వాత ఒకటి, అన్నిటికన్నా చెడ్డది వచ్చేదాకా ఆగదు. ఈయన నలభై రోజులు మేలుకున్నాడు. మేలుకున్నవాడికి ఆకలేస్తుంది. ఆకలేస్తే అన్నం కావాలి.

"అయ్యా" అంది. "జిల్లా అంతా పడుకుంది కదండీ. మరి మీకు వండిపెట్టింది ఎవరు?"

ఆయన వేలు విడిపించుకోవాలని ఇంకోసారి గుంజాడు.

"వంటవాళ్లు పడుకున్నారు. పనివాళ్లు పడుకున్నారు. మేలుకున్నది జాగరణ దళం ఒక్కటే. మీకు ఎవరు వండారండీ?"

వేదిక పక్కన జాగరణ దళాలకి సన్మానమని వరసగా కూర్చోబెట్టారు. మెడలో పూలదండతో ఉన్న సత్యవేణి మొహం చేతుల్లో దాచేసుకుంది. పెద్దింట్లు వేలు వదిలేసి ఆమె దగ్గరికి వెళ్లింది.

"సత్యా. నువ్వు నా పిల్ల దగ్గర ఉన్నావా?"

"వదినా…"

"ఉన్నావా, లేవా?"

"మూడు రోజులు లేను వదినా." సత్యవేణి నేలమీద కూర్చుండిపోయింది. "ఆయన కూతురి పెళ్లి. నలభై దాటాక మూఢం వస్తదంట, మూడు నెలలు ముహూర్తాలు లేవంట. పైఆఫీసర్ల కుటుంబాలన్నీ మెలకువగానే ఉన్నాయి. రెండొందల మంది. పెళ్లికూతుర్ని చెయ్యడం, పెళ్లి, వ్రతం, మూడు రోజులకీ మమ్మల్ని వడ్డనకి తీసుకెళ్లారు. ఒక్క మనిషినైనా ఇక్కడ ఉంచండని అడిగాను. పడుకున్న పిల్లలు ఎక్కడికి పోతారు, వచ్చాక పొయ్యండి అన్నారు. టిక్కులు ఆయన బంగళాలోనే కూర్చుని పెట్టాను. నలభయ్యో రోజు సాయంత్రం వచ్చి… మొత్తం ఒక్కసారే పట్టేశాం. చాలామంది పిల్లలు లేచారు కదా వదినా, వీళ్లూ లేస్తారనుకున్నాను."

"నాలుగు రోజులు నా పక్కనే తిరిగావు" అంది పెద్దింట్లు. "మంచినీళ్లు తెచ్చిచ్చావు. ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?"

"మా కుటుంబ విషయం ఇది. అందరం పరీక్షలు చేయించుకునే…" అన్నాడు పరాంకుశరావు మైకు అందుకుని.

వేదిక మీద కూర్చున్న డాక్టర్ ఎస్తేరు రాణి లేచివచ్చి, మైకు ఆయన చేతిలోంచి లాగి కింద పడేసింది. అది కీచుమంది. "నువ్వు నోరెత్తకు. నీ వడ్డనల కోసం నాలుగు రోజులు పోయాయి నాకు. నాలుగు!" అని, చెప్పులు వదిలేసి హాలువైపు పరిగెత్తుతూనే కేకేసింది. "పెద్దింట్లూ, రా! నీ చెయ్యే కావాలి!"

*

పదకొండు మందినీ మళ్లీ పడుకోబెట్టారు. రెండు రోజులు ఒళ్లు పూర్తిగా చల్లబడనిచ్చి, అందరూ లేచిన ఆరో రోజు నుంచి చుక్కలు మొదలుపెట్టారు. ఈసారి రిజిస్టరు లేదు. తల్లులే కూర్చున్నారు. చుక్క ఎలా వేయాలో పెద్దింట్లు ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని నేర్పింది. దూదిని వేళ్ల మధ్య ఎంత నొక్కాలి, చుక్క గొంతులోకి పోకుండా నాలిక మీదే ఎలా ఆగాలి, రెండో చుక్కకి ముందు ఎన్ని అంకెలు లెక్కపెట్టాలి. హాలంతా లెక్కపెట్టే గొంతులే.

"ఇలా తీరిగ్గా చేసుకునే పనికి మనల్ని పనికిరామన్నారా వదినా?" అంది వరాలు చుక్క వదులుతూ. "వాడు పడుకున్నన్నాళ్లూ నేను మేలుకుని ఉంటే ఎవడి సొమ్ము పోయేది?"

"రూలు ఒప్పుకోలేదు" అంది పెద్దింట్లు. ఆ మాట నోట్లోంచి వస్తుంటే ఆమెకి అవతలి ఒడ్డున లేచిన పొగ గుర్తొచ్చింది. ఆ రోజు పరాంకుశరావు మాట విని ఊరుకున్నానే, పైపెచ్చు గౌరవించానే అని చెంపలు వాయించుకోవాలనిపించింది. చేతిలో దూది ఉంది కాబట్టి ఆగింది.

బయట జనం బంగళా దారిలో బైఠాయించారని, వేల మంది ఎడమచేతులెత్తి కూర్చున్నారని కాసులు కబుర్లు తెచ్చేవాడు. పరాంకుశరావుని రాత్రికి రాత్రే వేరే జిల్లాకి మార్చేశారట. సత్యవేణినేమో అరెస్టు చేశారట.

"సత్యని పట్టుకున్నారా? ఆయన్ని మార్చారా?" పెద్దింట్లు తల తిప్పకుండానే అడిగింది. "దానిమీద నా కోపం నేను తీర్చుకుంటాను. ఆయన్నెవరు పట్టుకుంటారు?"

డాక్టరమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. "నన్ను కూడా పట్టుకోవాలి" అంది. "రెండేళ్లు కావాలన్నదాన్ని రెండు వారాలకి ఒప్పుకున్నాను. మనుషుల్ని చూడకుండా టిక్కుల్ని నమ్మాను. తీరిగ్గా నన్ను తిట్టండమ్మా. ఇప్పుడు మాత్రం లెక్క తప్పకండి."

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మోరు వారి పిల్ల మోక్షిత ఊపిరి ఆగింది. మర్నాడు పొద్దున బలే వారి పిల్లాడు జోయెల్‌ది. అదే రోజు ఎండ వాలుతుండగా లిఖిత కాలి బొటనవేలు కదిలింది. తర్వాత పెదవి. పైకప్పు మీద ఆగిపోయిన చూపు మెల్లగా జారుకుంటూ వచ్చి తల్లి మొహం మీద నిలబడింది.

"అమ్మా… కాలు తిమ్మిరెక్కిందే…"

 పెద్దింట్లుకి ఊరు అదిరేలా అరవాలనుంది. కానీ చెయ్యి తనంతట తనే వెళ్లి పిల్ల పెదవుల మీద మెత్తగా పడింది. "మెల్లగా, నా తల్లీ. మెల్లగా మాట్లాడు" అని చెవిలో చెప్పింది.

అప్పటికే హాల్లో మరో ఏడుగురు లేచారు. పక్క మంచం దగ్గర వరాలు ఇంకా చుక్కలు వేస్తోంది. తనూజ్ నాలిక మీద పడిన నీరు పెదవి చివర్నుంచి కారిపోతోంది. డాక్టరమ్మ వచ్చి చాలాసేపు నాడి పట్టుకుని నిలబడింది. చివరికి వరాలు మణికట్టు పట్టుకుంది.

"చాలమ్మా."

"లెక్క తప్పలేదండి నేను" అంది వరాలు. "ఒక్కటి కూడా తప్పలేదు."

"తెలుసమ్మా. రెండు రోజులు ముందు మొదలెట్టుంటే చాలు."

వరాలు ఏడవలేదు. దూది గిన్నెలో పెట్టి, కొడుకు గడ్డం కొంగుతో తుడిచింది. పెద్దింట్లు కూతుర్ని కాసులు ఒళ్లో పెట్టి, వెళ్లి వరాలు పక్కన కూర్చుంది. తన పిల్ల లేచిందని చెప్పలేదు. వరాలే తిరిగి చూసి, తల ఆడించింది.

అప్పుడు మైదానంలో మైకు మోగింది. కొత్తగా వచ్చిన అధికారి వరండా మెట్ల మీద నిలబడి కాగితం చదువుతున్నాడు. ఎదురుగా పత్రికలవాళ్లు, వాళ్ల వెనక జనం. "సమయానికి ప్రభుత్వం తీసుకున్న చర్యల వల్ల హైస్కూలు హాలులోని చిన్నారులు సురక్షితంగా మేలుకున్నారని తెలియజేయడానికి…"

పెద్దింట్లు లేచింది. కొంగు బిగించి వరండాలోకి నడిచింది. పోలీసు అడ్డం వచ్చాడు. ఆమె చూసిన చూపుకి పక్కకి తప్పుకున్నాడు.

"అందరూ కాదండి" అంది.

"అమ్మా, మీ పాప లేచిందని ఇప్పుడే చెప్పారు. శుభం. మీరు లోపలికి…"

"నా పిల్ల లేచింది. పదకొండులో ఎనిమిది మంది లేచారు."  ఆమె ఆగలేదు. ఆయన్ని దాటి, పెన్నులు పట్టుకున్నవాళ్ల వైపు తిరిగింది. "మీరు రాయండి. మోరు మోక్షిత, ఐదేళ్లు. బలే జోయెల్, ఏడేళ్లు. ముంగర తనూజ్, ఆరేళ్లు. వీళ్లకి నీళ్లు పట్టాల్సినవాళ్లు పరాంకుశరావు కూతురి పెళ్లిలో విస్తళ్లు వేస్తున్నారు."

"ఇవన్నీ విచారణలో తేలే విషయాలమ్మా. కార్యక్రమం ముగిసింది" అని అధికారి మైకు కట్టేయమని సైగ చేశాడు. మైకు ఆగిపోయింది.

వెనక నిలబడ్డవాళ్లు వినపడలేదని కేకేశారు. పెద్దింట్లు మెట్లు దిగి జనం మధ్యకి వెళ్లి, మోక్షిత దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టింది.